వెన్నులో కత్తి మొన ఉండిపోయింది, తీయించాలా వద్దా?

రాయలసీమలోని ఒక పల్లె నుంచి ఒక అక్క రాశారు. పేరు, ఊరు వద్దన్నారు. ఆమె తమ్ముడికి 26 ఏళ్లు. ఐదు వారాల కిందట పొలం గట్టు దగ్గర మాటామాటా పెరిగింది. ఒకతను వెనక నుంచి వచ్చి రెండు రెక్కల మధ్య, వెన్నెముకకి కాస్త కుడిపక్కన ఒకే ఒక్క పోటు పొడిచాడు. పక్కనే ఉన్న మేనమామ కొడుకు ఆ కంగారులో కత్తి పీకేసి, అతన్ని ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. కుడికాలు అప్పటికే పడిపోయింది. ఆస్పత్రిలో ఊపిరితిత్తి చుట్టూ రక్తం చేరిందని గొట్టం వేశారు, గాయం శుభ్రం చేసి కుట్లు వేశారు. మొదటి వారమంతా కట్టు నీళ్లలాంటి దానితో తడిసేది, కూర్చోబెడితే తలనొప్పి అనేవాడు, తర్వాత రెండూ తగ్గాయి.

సీటీ స్కాన్‌లో వెన్నుపూసలో సెంటీమీటరు దాకా కత్తి మొన విరిగి ఉండిపోయినట్టు కనపడింది. అక్కడి డాక్టరు దాన్ని కదిలించొద్దన్నారు. హైదరాబాదులో చూపిస్తే వెంటనే తీసి, రాడ్లు వేయాలన్నారు. ఇప్పుడు కుడికాలు మంచం మీద ఎత్తుతున్నాడు కానీ పాదం వేలాడుతోంది. ఎడమకాలు బాగానే కదులుతోంది. వాళ్లమ్మ ఆ కాలికి వేడినీళ్ల కాపడం పెడితే బొబ్బలొచ్చాయట, అతనికి తెలియనే లేదట. మూత్రం గొట్టం తీసేశాక మూత్రం ఆగి ఆగి వస్తోంది. కత్తి పీకబట్టే కాలు పోయిందని అమ్మ మేనల్లుడితో మాట్లాడటం మానేసింది. స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వలేదు, తెగిన నరం కుట్టలేదు, ఆ ఆస్పత్రి మీద కేసు వేయండి అని బంధువులు. దీనికి తోడు నిశ్చితార్థం అయిపోయింది, మాఘంలో పెళ్లి. "ఎవరి మాట వినాలి, అమ్మాయి వాళ్లకి ఏం చెప్పాలి, మావాడు నడుస్తాడా" అని అడుగుతున్నారు.

అమ్మా, మీరు కత్తి మొన గురించి రెండు పేజీలు రాశారు, బొబ్బల గురించి ఒక్క వాక్యం రాశారు. నేను బొబ్బల దగ్గరే మొదలుపెడతాను. మీ తమ్ముడి వెన్నుపాములో ఏం జరిగిందో అవే చెప్తున్నాయి, ఇంట్లో రోజూ పొంచి ఉన్న ప్రమాదం కూడా అదే.

కాలు కదపమని మెదడు పంపే ఆదేశం వెన్నుపాములో ఏ పక్కన కిందికి దిగుతుందో ఆ పక్క కాలికే వెళ్తుంది. కాలు ఎక్కడుందో, మడిచి ఉందో చాపి ఉందో చెప్పే కబురు కూడా అదే పక్క నుంచి పైకి పోతుంది. నొప్పి, వేడి, చల్లదనం కబుర్లు మాత్రం వెన్నుపాములోకి రాగానే, ఒకటి రెండు పూసల ఎత్తులోనే అవతలి పక్కకి దాటేసి, అటు నుంచి మెదడుకి వెళ్తాయి. కాబట్టి కత్తి వెన్నుపాముని కుడి సగంలో కోస్తే కుడికాలి బలం పోతుంది. ఎడమకాలు బలంగానే ఉంటుంది కానీ కాలినా, తెగినా దానికి తెలియదు. దీన్ని బ్రౌన్-సెకార్ సిండ్రోమ్ అంటారు, 19వ శతాబ్దం మధ్యలో దీన్ని వివరించిన డాక్టరు పేరు మీద. పుస్తకంలో రాసినట్టు అచ్చంగా సగమే తెగడం అరుదు, కొంత అటూ ఇటూ కలిసే ఉంటుంది. కానీ కత్తిపోట్లలో ఈ తరహా దెబ్బ బాగా కనిపిస్తుంది. వెన్నెముక నట్టనడుమ వేలితో తడిమితే తగిలే ఎముకల వరస కత్తిని పక్కకి తోసేస్తుంది, అది పక్కనున్న గాడిలోకి జారి ఒకవైపుకే దిగుతుంది. ఛాతీ దగ్గర పూసల వెనక పలకలు పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి కాబట్టి కొన్ని పోట్లు అక్కడే ఆగిపోతాయి, కొన్నిసార్లు మొన అక్కడే విరిగి ఎముకలో ఉండిపోతుంది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ డాక్టర్లు 1977లో 450 మంది వెన్నుపాము కత్తిపోటు రోగుల గురించి రాశారు, ఈ విషయంలో ఇంత పెద్ద లెక్క అరుదు. అందులో కూడా సగం కంటే ఎక్కువ గాయాలు ఛాతీ భాగంలోవే.

నడుస్తాడా అన్న మీ మూడో ప్రశ్నకి నేను ధైర్యంగా చెప్పగలిగేది ఇది: వెన్నుపాము దెబ్బల్లో బాగా కోలుకునే రకం ఏదంటే డాక్టర్లు మొదట చెప్పేది ఈ బ్రౌన్-సెకార్‌నే. ఇలాంటివాళ్లలో ఎక్కువ మంది మళ్లీ నడుస్తారు, కొందరు కర్రతో, కొందరు మడమ దగ్గర పట్టీతో, కొందరు ఏదీ లేకుండా. ఐదు వారాలకే కాలు మంచం మీద నుంచి పైకి లేపుతున్నాడంటే అది మంచి సూచన. ఎక్కువ మార్పు మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో వస్తుంది, తర్వాత కూడా ఏడాది, ఏడాదిన్నర దాకా నెమ్మదిగా వస్తూనే ఉంటుంది. ఎంతవరకు వస్తుందో ఉత్తరం చూసి చెప్పడం మాత్రం కుదరదు. మీ డాక్టరుని ఏషియా చార్టు వేసి ఇవ్వమనండి. రెండు పక్కలా ఒక్కో కండరానికి 0 నుంచి 5 దాకా బలం, గుండుసూది గుచ్చితే తెలుస్తోందా, దూది తాకితే తెలుస్తోందా, మలద్వారం దగ్గర స్పర్శ, బిగింపు ఉన్నాయా, అన్నీ రాసి చివర ఏ నుంచి ఈ దాకా ఒక గ్రేడు ఇస్తారు. దెబ్బ తగిలిన తొలి రోజుల్లో వెన్నుపాము షాక్‌లో ఉంటుంది కాబట్టి అప్పటి పరీక్ష ఒక్కటే చూసి తీర్మానించకూడదు. ఇప్పుడొకటి, నెలకొకటి అలా చార్టులు పక్కపక్కన పెడితేనే అసలు సంగతి తెలుస్తుంది. ఆపరేషన్ నిర్ణయానికి కూడా మీకు దీనికంటే పెద్ద ఆధారం ఉండదు.

ఎడమకాలి సంగతి ఇవాళ్టి నుంచే మారాలి. కాపడాలు, వేడి నూనె మర్దనా, వేడినీళ్ల సీసా, చలిమంట దగ్గర కాళ్లు చాపడం, ఏవీ వద్దు. స్నానం నీళ్లు మీరో అమ్మో చేత్తో చూశాకే పోయాలి. ఇంకొన్ని నెలలకి బైకు వెనక కూర్చుంటే సైలెన్సర్ ఆ కాలికి తగలకుండా చూసుకోవాలి. చెప్పుల్లో రాయి ఉన్నా అతనికి తెలియదు, రోజూ రాత్రి అరికాలు, మడమ, పిర్రలు, నడుము కింద ఎముక దగ్గర ఎర్రబారిందేమో వెలుతురులో చూడండి. మంచం మీద ఉన్నంతసేపూ రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. బొబ్బలు పగలగొట్టకండి, దగ్గర్లో డాక్టరుకి చూపించండి. అమ్మని ఏమీ అనకండి. కదిలే కాలు మంచి కాలే అనుకుంటారు ఎవరైనా, ఆవిడకి ఆ కాలి సంగతి ముందే చెప్పాల్సింది ఆస్పత్రివాళ్లు.

ఇక మీ మేనమామ కొడుకు. గుచ్చుకున్న కత్తిని బయట పీకకూడదు, నిజమే. అది లోపల తెగిన రక్తనాళాన్ని అదిమిపెట్టి ఉండవచ్చు, తీసేటప్పుడు ఊగితే ఇంకాస్త కోయవచ్చు. అందుకే కత్తిని అలాగే ఉంచి, చుట్టూ గుడ్డలు పెట్టి కదలకుండా చేసి, మనిషిని పక్కకి పడుకోబెట్టి తీసుకొస్తే, ఆపరేషన్ థియేటర్లో కళ్లతో చూస్తూ తీస్తారు. ఇది మీ ఊళ్లో అందరికీ చెప్పండి. కానీ మీ ఉత్తరంలోనే ఉంది, పోటు పడగానే కాలు మడుచుకుపోయి కిందపడ్డాడని. కత్తి ఇంకా లోపల ఉండగానే కాలు పోయింది. ఆ దెబ్బ పొడిచినవాడు కొట్టినదే. కత్తి పీకడం వల్ల అదనంగా ఏమన్నా అయిందా అంటే ఎవరూ తేల్చలేరు. మొన కూడా లోపలికి దిగేటప్పుడే ఎముకకి తగిలి విరిగి ఉండవచ్చు, పీకేటప్పుడు విరిగి ఉండవచ్చు. ఊపిరితిత్తి చుట్టూ రక్తం చేరిన మనిషిని ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి చేర్చిందీ అతనే, ఇది అమ్మకి చెప్పి చూడండి, నా మాటగా చెప్పినా సరే.

బంధువులు అంటున్న రెండు మాటల్లో బలం లేదు. వెన్నుపాముని కుట్టే ఆపరేషన్ ఇప్పటిదాకా లేదు. చేతిలోనో కాలిలోనో తెగిన నరాన్ని కుడతారు, వెన్నుపాము అలాంటిది కాదు, అందులో తెగిన తంతువులు కుట్టినా కలవవు. కోలుకోవడం ఎలా వస్తుందంటే, తెగకుండా వాచి మూగబోయినవి వాపు దిగాక మళ్లీ పని మొదలుపెడతాయి, మిగిలిన దారులు కొంత పని పంచుకుంటాయి. స్టిరాయిడ్ సంగతి కూడా అంతే. 1990 తర్వాత చాలా ఏళ్లు వెన్నుపాము దెబ్బలకి పెద్ద మోతాదు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఇచ్చేవారు. కత్తి, తూటా గాయాల్లో దానివల్ల మేలు కనపడలేదు, ఇన్ఫెక్షన్లు పెరిగాయి, ఇప్పుడు ఇవ్వొద్దనే చెప్తారు. టెటనస్ ఇంజెక్షన్, యాంటీబయాటిక్స్, ఛాతీలో గొట్టం, గాయం శుభ్రం చేయడం, సీటీ, ఇవన్నీ చేశారు కదా, మొదట చూసిన ఆస్పత్రి ముఖ్యమైనవి చేసింది. నాకు తోచిన లోటు ఒక్కటే, ఇంటికి పంపేటప్పుడు ఎడమకాలి గురించీ మూత్రం గురించీ సరిగ్గా చెప్పలేదు.

ఇప్పుడు మొన. ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పారని కంగారుపడకండి, ఇద్దరి మాటకీ ఆధారం ఉంది. తేల్చాల్సిన ప్రశ్న ఒకటే: మొన మొత్తం ఎముకలోనే ఉందా, వెన్నుపాము ఉండే కాలువలోకి పొడుచుకొచ్చిందా? మీరు పంపిన రిపోర్టులో "లామినాలో, కాలువ అంచు దగ్గర" అని ఉంది, లామినా అంటే పూస వెనక పలక, ఆ "దగ్గర" అన్న మాటతో నిర్ణయం తీసుకోలేం. పలుచని ముక్కలుగా తీసిన సీటీని ఎముక కనిపించే సెట్టింగులో చూడాలి, లోహం చుట్టూ మెరుపు వచ్చి కొంత కప్పేస్తుంది కాబట్టి అన్ని కోణాల్లోనూ చూడాలి. అయినా తేలకపోతే నడుము దగ్గర మందు ఎక్కించి సీటీ మైలోగ్రామ్ తీస్తారు. ఎమ్మారై ఎందుకు చేయలేదని అడిగారు. మనం వాడే కత్తులు చాలావరకు అయస్కాంతానికి అతుక్కునే ఉక్కువి, వెన్నుపాము పక్కనున్న ముక్క ఆ యంత్రంలో కదిలితే అదే ఇంకో పోటు. మొన లోపల ఉన్నంతకాలం, ఏ ఊళ్లో ఏ కారణానికి ఎమ్మారై అన్నా ముందు ఈ సంగతి చెప్పాలి. ఒక కాగితం మీద రాసి ఆధార్ కార్డుతోపాటే పెట్టుకోమనండి.

మొన కాలువలోకి వచ్చి ఉంటే, నా మొగ్గు తీయించడం వైపే. లోపల ఉన్న లోహం చుట్టూ మచ్చ కడుతుంది, తుప్పు పడుతుంది, చీము పట్టవచ్చు. ఏళ్లు బాగానే ఉండి తర్వాత కాళ్లు బలహీనపడినవాళ్ల గురించి వైద్య పత్రికల్లో ఎన్నో కేసులు వచ్చాయి. పైగా అతనిది 26 ఏళ్ల వయసు, ముందు చాలా జీవితం ఉంది. ఆ ఆపరేషన్‌కి ఖర్చుతోపాటు భయం కూడా ఉంటుంది. వెన్నుపాము పక్కనే పని, ఇప్పుడు తిరిగి వచ్చిన బలం కొంత పోవచ్చు, చుట్టూ ఉన్న పొర చిరిగి నీరు మళ్లీ కారవచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు. ఇంకోటి స్పష్టంగా తెలుసుకోండి, మొన తీసేస్తే కాలు వస్తుందని కాదు. ఉన్నది పోకుండా చూడటానికే ఆ ఆపరేషన్. "తీస్తే నడుస్తాడు" అని ఎవరన్నా మాటిస్తే అక్కడ సంతకం పెట్టకండి.

మొన పూర్తిగా ఎముకలో పాతుకుపోయి ఉండి, నీరు కారడం ఆగి, జ్వరం లేక, బలం వారం వారం పెరుగుతూ ఉంటే, ఆగి చూడటం కూడా సరైన దారే. ఆగడం అంటే మర్చిపోవడం అనుకోకండి. నిపుణుడి దగ్గరికి క్రమం తప్పకుండా వెళ్లాలి, మొన కదిలిందేమో ఎక్స్‌రేలోనో సీటీలోనో చూడాలి, ఏళ్ల తరబడి ఆ అనుమానం మనసులో ఉంటుంది, కొందరికి అది భరించడం కష్టం, దాన్నీ లెక్కలోకి తీసుకోండి.

రెండు దారుల్లో ఏది ఎంచుకున్నా ఈ లక్షణాలు వస్తే అదే రోజు పెద్దాస్పత్రికి పరుగెత్తాలి: జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, గాయం దగ్గర మళ్లీ తడి లేదా చీము, రోజురోజుకీ పెరిగే వెన్నునొప్పి, వచ్చిన బలం తగ్గడం, తిమ్మిరి పైకి పాకడం, మూత్రం పూర్తిగా ఆగిపోవడం. మొదటి వారం కట్టు తడిసింది, కూర్చుంటే తలనొప్పి అన్నారు కదా, అది వెన్నుపాము చుట్టూ ఉండే నీరే అయి ఉంటుంది. పొర చిరిగితే అలా కారుతుంది, చాలామందికి దానంతటదే మూసుకుపోతుంది. మళ్లీ మొదలైతే మెదడుపొరకి ఇన్ఫెక్షన్ పాకే దారి తెరుచుకున్నట్టే, అప్పుడిక ఆగి చూడటం అనే మాట ఉండదు.

రాడ్ల గురించి తప్పకుండా అడగండి. కారు ప్రమాదాల్లోలాగా కత్తిపోటులో వెన్నెముక సాధారణంగా వదులు కాదు, ఎముకల పట్టు అలాగే ఉంటుంది. మొన తీయడానికి ఎక్కువ ఎముక, కీలు తొలగించాల్సి వస్తే రాడ్లు అవసరం కావచ్చు, అలాంటి కారణం ఉంటే ఆ డాక్టరు మీకు స్కాన్ మీద చూపించగలరు. చూపించలేకపోతే మూడో అభిప్రాయం తీసుకోండి. సీటీ రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, సీడీ పట్టుకెళ్లండి. మీకు వేలూరు సీఎంసీ మరీ దూరం కాదు. అక్కడ శస్త్రచికిత్స విభాగంతోపాటు పునరావాస కేంద్రం ఉంది. దాన్ని 1966లో మొదలుపెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో ప్రమాదంలో నడుము కింద చచ్చుబడినా చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసేవారు. తిరుపతిలో టీటీడీ నడిపే ఎముకలు, కీళ్ల ఆస్పత్రి బర్డ్ కూడా ఉంది. ఆరోగ్య పథకం కార్డుకి ఏది వర్తిస్తుందో బయల్దేరే ముందే కనుక్కోండి.

మీరు రెండు ముక్కల్లో దాటేసిన మూత్రం సంగతి నాకు మొన కంటే తొందర పనిగా అనిపిస్తోంది. ఆగి ఆగి వస్తోందంటే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కావడం లేదేమో. పోసిన వెంటనే అల్ట్రాసౌండ్‌లో ఎంత మిగిలిందో చూస్తారు, చిన్న పరీక్ష, ఈ వారమే చేయించండి. ఎక్కువ మిగులుతుంటే నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి శుభ్రమైన సన్న గొట్టం తనే పెట్టుకుని ఖాళీ చేసుకోవడం నేర్పిస్తారు. వినడానికి భయంగా ఉంటుంది కానీ కుర్రవాళ్లు తొందరగా నేర్చుకుంటారు, ఎప్పుడూ గొట్టం ఉంచుకోవడం కంటే ఇన్ఫెక్షన్లు తక్కువ, కిడ్నీలు నిలుస్తాయి. వేలాడే పాదానికి తేలికపాటి ప్లాస్టిక్ పట్టీ, రోజూ ఫిజియోథెరపీ, రెండూ ఆపరేషన్ నిర్ణయం కోసం ఆగక్కర్లేదు, వాటికి ఏ జాగ్రత్తలు పాటించాలో మాత్రం డాక్టరుని అడిగి మొదలుపెట్టండి. కాలు బిగుసుకుని ఎగురుతుంటే, మంటలు పుడుతుంటే మందులున్నాయి, ఓర్చుకోమని అనకండి. లక్షలు తీసుకుని స్టెమ్‌సెల్ (మూలకణాల) ఇంజెక్షన్లు వేస్తామనేవాళ్లు మీ దగ్గరికి వస్తారు. వెన్నుపాము దెబ్బకి అది రుజువైన వైద్యం కాదు, పరిశోధనలో భాగంగా తప్ప ఇవ్వకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో ఉంది. ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టండి.

పోలీసు కేసు గురించి నేను లాయరుని కాను, కానీ ఒక్క విషయం. మొన తీయిస్తే అది సాక్ష్యం. ఇది మెడికోలీగల్ కేసు, అంటే పోలీసు కేసుతో ముడిపడినది అని ఆపరేషన్‌కి ముందే సర్జన్‌కి చెప్పండి, తీసిన ముక్కని సీలు వేసి పోలీసులకి అప్పగించి రసీదు తీసుకుంటారు. మీరు ఇంటికి తెచ్చుకోకండి. పెద్దమనుషులు రాజీ అంటున్నారని రాశారు, హత్యాయత్నం లాంటి సెక్షన్లు ఊళ్లో మాట్లాడుకుంటే పోయేవి కావు. బాధితుడికి నష్టపరిహారం అడిగే హక్కు ఉంది, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా లాయరుని కూడా ఇస్తారు, సంతకం చేసేముందు అక్కడికి వెళ్లండి.

ఇక మిగిలిన ప్రశ్న, అమ్మాయి వాళ్లకి ఏం చెప్పాలన్నది. ఈ ఒక్క విషయంలో మీరు వెనక్కి తగ్గాలని నా అభిప్రాయం. దాచి పెళ్లి చేయడం ఆ పిల్లకి అన్యాయం, దాచినా రెండో రోజు తెలిసిపోతుంది. మీరే వెళ్లి "ఇక కుదరదు" అని చెప్పేయడం మీ తమ్ముడికి అన్యాయం. పెళ్లి వాయిదా వేయడానికి కారణం ఉంది, ఆరు నెలల్లో అతని స్థితి ఇప్పటికంటే చాలా స్పష్టంగా తెలుస్తుంది. ఈలోపు అతనే ఆ అమ్మాయితో మాట్లాడాలి. అతనికి అడగడానికి సిగ్గుగా ఉండే ప్రశ్నలు కొన్ని ఉంటాయి, దాంపత్య జీవితం గురించి, పిల్లల గురించి. వెన్నుపాము సగమే దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి ఆ శక్తి కొంతైనా ఉంటుంది, లేనివాళ్లకి మందులున్నాయి, పిల్లల కోసం వైద్య మార్గాలున్నాయి. అక్క ముందు అడగలేడు, మీరు గది బయట కూర్చోండి. రాత్రుళ్లు లైటు వేసుకుని పడుకుంటున్నాడని, వెనక ఎవరన్నా నడిస్తే ఉలిక్కిపడుతున్నాడని రాశారు కదా, పునరావాస కేంద్రంలో దానికి కూడా మాట్లాడే మనిషి ఉంటారు, ఆ అపాయింట్‌మెంట్ ముందు తీసుకోండి. అమ్మాయి ఇష్టపడితే, తర్వాతిసారి డాక్టరు దగ్గరికి ఆమెనే తోడు తీసుకెళ్లమనండి, తన ప్రశ్నలు తనే అడుగుతుంది.